రెండో వరుస కొలతలు

వరంగల్లులో గోధుమ పండుతుందా అని ఎవరైనా అడిగితే సుందర్ రావుకు నవ్వొచ్చేది. వరి, మక్క, మిరప తప్ప మరోటి ఎరగని నేల అది. ఆ నేలలో పన్నెండు రకాల గోధుమ విత్తించి, వాటి ఆకులు కొలవడం అతని ఉద్యోగం. పెళ్లి చూపులప్పుడు మామ ఇదే అడిగాడు, "గోధుమల ఆకులు కొలుస్తరా? కొలిచి ఏం జేస్తరు?" అని. సుందర్ రావు గంటసేపు చెప్పాడు. మామ చివరిదాకా విని, "జీతం నెలనెలా వస్తది గద?" అన్నాడు. అక్కడితో సంబంధం ఖాయమైంది.

కానీ ఆ పని అంత నవ్వులాటదేమీ కాదు. ములుగు రోడ్డు మీద రెండెకరాలు కౌలుకు తీసుకుని నడిపే మూడేళ్ల స్కీము అది. అవే పన్నెండు రకాలను దేశంలో ఐదు చోట్ల వేశారు. ఒకటి గజగజ వణికే ఉత్తరాన, ఒకటి నడిమధ్య నల్లరేగడిలో, అన్నిటికన్నా వేడిచోటు ఇది. కోత కోసి, నూర్చి, తూకం వేస్తే ఏ రకం ఎంత పండిందో ఎవరైనా చెప్తారు. కోయకముందే మొక్కను చూసి చెప్పగలమా అన్నది స్కీము ప్రశ్న. వెన్ను ఎన్నో రోజున బయటికొచ్చింది, వెన్నుకు కిందనే ఉండే చివరి ఆకు, అంటే పోటాకు, ఎంత పొడుగు, ఎంత వెడల్పు, ఎన్ని రోజులు పచ్చగా నిలిచింది, ఈ నాలుగు ముక్కలతో దిగుబడి అంచనా కట్టాలి. ఆ అంచనాను కోతకు ముందే కవరులో పెట్టి ఉత్తరాదిలోని పెద్దాఫీసుకు పంపాలి. తర్వాత తూకాలు పంపాలి. రెండూ కలిస్తే ఆకు నిజం చెప్పినట్టు.

సుందర్ రావుకు ఇరవై తొమ్మిదేళ్లు. వ్యవసాయంలో డిప్లొమా చేసి మూడేళ్లుగా టెంపరరీగానే ఉన్నాడు. స్కీము ఈ ఏటితో సరి. "అంచనా కలిసిందనుకో, నిన్ను పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తా" అని స్కీము నడిపే రాజేశ్వర్ రావు సారు మాటిచ్చాడు. కలవకపోతే ఏం రాస్తాడో సారు చెప్పలేదు, ఇతను అడగలేదు.

పొలం పనికి పక్క పల్లె నుంచి ఎనిమిది మంది ఆడవాళ్లు నడిచి వచ్చేవారు. వాళ్లకు పెద్ద కట్టమ్మ. నలభై ఐదేళ్లుంటాయి. ప్రతి ఎండాకాలం తునికాకు తెంపడానికి ఏటూరునాగారం అడవికి పోయే మనిషి. చిన్నప్పటి నుంచి ఆకుల మధ్యే బతికింది కాబట్టి ఆకు చూపిస్తే జానెడా, జానెడుకు రెండు వేళ్లు తక్కువా అన్నది చెయ్యి పెట్టకుండానే చెప్పేది. సుందర్ రావు ఆమెకు సెంటీమీటర్ల స్కేలు చదవడం నేర్పితే ఒక్క పూటలో నేర్చుకుంది. తర్వాత ఒకటి రెండుసార్లు అతనే తప్పు చదివితే, "గది పందొమ్మిది గాదు సారూ, పద్దెనిమిదిన్నర" అని సరిదిద్దింది కూడా. అతను ఆ పూట నవ్వి ఊరుకున్నాడు గానీ, లోపల కొంచెం చురుక్కుమంది.

మడులు రెండు వరుసలు, రకానికి ఒకటి చొప్పున వరుసకు పన్నెండు. మొదటి వరుస పంపుసెట్టు గది దగ్గర ఒకటితో మొదలై అవతలి గట్టు దగ్గర పన్నెండుతో ఆగుతుంది. రెండో వరుస అవతలి గట్టు దగ్గరే పదమూడుతో మొదలై వెనక్కి వస్తుంది. అందుకని ఇరవై నాలుగో మడి ఒకటో మడి పక్కనే ఉంటుంది. కొలిచే మనిషి వట్టి చేతులతో వెనక్కి నడవకుండా, పోతూ ఒక వరుస, వస్తూ ఒక వరుస చూసుకోవాలని ఈ ఏర్పాటు. ప్రయోగాల పొలాల్లో అంతటా ఇదే రివాజు. సారు దాన్ని పాము నడక అనేవాడు. ప్రతి మడి తలకట్టున నల్లరంగుతో నంబరు రాసిన చెక్క మేకు ఉండేది.

జనవరి మూడో వారంలో పోటాకులు కొలిచారు. మడికి పది ఆకులు. మొదటి వరుసకు సుందర్ రావు కట్టమ్మ వెంటే నడిచి, మేకు చూసి, నంబరు వేసి, ఆమె చెప్పిన అంకె రాసుకున్నాడు. పన్నెండో మడి అయ్యేసరికి ఎండ నడినెత్తి మీదికొచ్చింది. అందరూ నీళ్లు తాగడానికి పంపుసెట్టు గది దగ్గరికి వెనక్కి వచ్చారు. ఇతను ఆ నీడలో కూలబడి ట్రాన్సిస్టర్ పెట్టాడు. క్రికెట్ వస్తోంది.

నీళ్లు తాగి, కొంగు బిగించి, కట్టమ్మ రెండో వరుస దగ్గర నిలబడింది.

"ఈ కొసకెంచేనా సారూ, ఆ కొసకెంచా?"

అప్పుడే ఎవడో ఔటయ్యాడు. సుందర్ రావు ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, తలెత్తకుండా చెయ్యి ఊపాడు.

"ఏ కొసకెంచైతేంది కట్టమ్మా? కానీయ్, కానీయ్."

ఆమె తను నిలబడ్డ దగ్గరి కొస నుంచే మొదలుపెట్టింది. ఆకు ఆకుకూ అంకె గట్టిగా కేకేసింది. ఇతను నీడలో కూర్చుని పదమూడు, పద్నాలుగు అని నంబర్లు వేసుకుంటూ ఆ అంకెలు రాసుకున్నాడు. ఆమె కొలుస్తున్నది ఇరవై నాలుగో మడి, ఇరవై మూడో మడి. లేచి పదడుగులు వేసి మేకు చూస్తే తెలిసేది. మ్యాచు రసపట్టులో ఉంది మరి.

ఫిబ్రవరిలో అంచనాల కవరు పోయింది. మార్చిలో కోతలై తూకాలు వచ్చాయి. రాజేశ్వర్ రావు సారు రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూశాడు. చూసి, సుందర్ రావును పిలిచాడు.

"ఏందయ్యా ఇది? మొదటి వరుస అచ్చుగుద్దినట్టు కలిసింది. రెండో వరుస చూస్తే తాగినోడు రాసినట్టున్నది. ఒకటే విత్తనం, ఒకటే నీళ్లు. రెండో వరుస ఎవరు కొలిచిండ్రు?"

 ఎక్కడ తప్పు జరిగిందో సుందర్ రావుకు నిజంగానే అప్పటికి తెలియదు. కానీ నీడలో కూర్చున్న సంగతి తెలుసు, ట్రాన్సిస్టర్ సంగతి తెలుసు. 'నేనే దగ్గర లేను సార్' అంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"కూలోళ్లు కొలిచిండ్రు సార్."

సారు ఆడవాళ్లందరినీ గది ముందుకు పిలిపించాడు. "రెండో వరుస ఎవరు కొలిచింది?" అంటే, కట్టమ్మ ముందుకొచ్చి, "నేనే సారూ" అంది.

"మంచిగనే కొలిచినవా?"

"చిన్నప్పటిసంది ఆకులు పట్టిన చెయ్యి సారూ ఇది. తప్పు పోదు."

సారు సుందర్ రావు వైపు తిరిగాడు. ఏడుగురు ఆడవాళ్లు, అటెండర్ గట్టయ్య, అందరూ అతని నోటి వైపే చూస్తున్నారు. అప్పుడు ఆ పెద్దమనిషి అన్న మాట ఇది:

"ఆమెకు అంకెలు సరిగ్గ రావు సార్. వస్తయంటే నమ్మిన. మోసపోయిన."

కట్టమ్మ అతని ముఖంలోకి చూసింది. కోపంగా కాదు. తను విన్నది నిజమేనా అన్నట్టు చూసింది. అతను మేకులు లెక్కపెడుతున్నవాడిలా పొలం వైపు తల తిప్పుకున్నాడు.

"ఇగ ఈమెను పిలవకు" అన్నాడు సారు. "కొలతలకే గాదు, అసలే పిలవకు."

మర్నాటి నుంచి ఆ ఏడుగురిలో పూలమ్మ ముందు నడిచింది, మిగతా ఆరుగురు వెనక నడిచారు. కట్టమ్మ రాలేదు.

వారం తర్వాత ఖాళీ పొలంలో మేకులు పీకి లోపల పెట్టమంటే సుందర్ రావే వెళ్లాడు. పంపుసెట్టు దగ్గర రెండో వరుస మొదటి మేకు పీకాడు. ఇరవై నాలుగు. రెండోది పీకాడు. ఇరవై మూడు. మూడోది చేతిలో పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయాడు. 'ఈ కొసకెంచేనా సారూ' అన్న గొంతు చెవిలో వినిపించింది. ఇంటికి పోయి రెండో వరుస కొలతల్ని తలకిందులు చేసి చూశాడు. పదమూడుది ఇరవై నాలుగుకు, పద్నాలుగుది ఇరవై మూడుకు వేశాడు. అన్నీ కలిశాయి. ఒక్క ఆకు కూడా తప్పు పోలేదు. ఉడుకెత్తే ఈ నేలలోనూ ఆకు నిజమే చెప్పింది, ఆమె చెయ్యీ నిజమే చెప్పింది. అబద్ధం చెప్పింది ఒక్క అతని నోరే.

ఇంతటితో ఆగి తప్పు ఒప్పుకుని ఉంటే ఈ కథ చెప్పే పనే ఉండేది కాదు. మర్నాడు పొద్దున్నే అతను కొత్త కాగితం పట్టుకుని సారు ముందు నిలబడ్డాడు.

"దొరికింది సార్. ఆడోళ్లు ఉల్టా కొసకెంచి మొదలువెట్టిండ్రు. నేను పసిగట్టి సరిచేసిన."

సారు కాగితం చూసి కుర్చీలోంచి లేచాడు. భుజం తట్టాడు. "సెభాష్! నీ అసొంటోడు ఇంకొకడుంటే ఈ దేశం బాగుపడేది" అన్నాడు. టీ తెప్పించాడు. పర్మనెంటు చేయమని వచ్చే సోమవారం రాస్తానన్నాడు. గట్టయ్య టీ కప్పు చేతికిస్తూ అతని వైపు ఒక క్షణం ఎక్కువ చూసినట్టనిపించింది. 

ఆదివారం చర్చిలో బల్లారాధన. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు, ఎవరి మీదైనా తప్పు చేసి ఉంటే ముందు వాళ్లతో సమాధానపడి రమ్మని పాస్టరు గారు ప్రతి నెలా చెప్పే మాటే చెప్పారు. ప్రతి నెలా ఆ మాట సుందర్ రావు చెవుల మీదుగా పోయేది. ఆ రోజు పోలేదు. పళ్లెం తన దగ్గరికి వస్తే పక్కవాళ్లకు అందించేశాడు. అది భార్య కృపమ్మ చూసింది.  ఇంటికొచ్చాక అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని అడిగింది.

"ఎవలకేం జేసినవ్?"

ఆమె బడిలో పంతులమ్మ. పిల్లల దగ్గర అబద్ధాలు రాబట్టడం ఆమెకు రోజూ పనే. అతను అంతా చెప్పాడు. చెప్పడం అయ్యాక కొంత భారం దిగినట్టనిపించింది కూడా. కృపమ్మ ఆ సుఖం ఎంతోసేపు ఉండనివ్వలేదు.

"నాకు చెప్పి ఏం ఫాయిదా? నీ మాటతోని పని పోయింది నాదా? తిని, పో."

తినకుండానే సైకిలు తీశాడు. కట్టమ్మ పల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇల్లు అడిగితే ఎవరో చూపించారు. ఆమె వాకిట్లో కూర్చుని ఎవరి పెళ్లికో మోదుగాకులతో విస్తళ్లు కుడుతోంది. ఇతన్ని చూసి లేచి, మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చింది. ఆ మర్యాదకు అతనికి తల కొట్టేసినట్టయింది. నీళ్లు తాగుతూ మాటలు వెతుక్కుంటుంటే ఆమే మొదలుపెట్టింది.

"నాదే తప్పు అయ్యుంటది సారూ. ఆ దినంకెంచి మస్తు యాది జేసుకుంటాన. యాడ తప్పిందో దొరుకుతలేదు. గిప్పుడు నూరు ఇస్తార్లు కట్టగట్టాలన్నా మూడుమాట్లు లెక్కవెడుతున్న. నా కంటి మీద నాకే నమ్మకం పోయింది."

సుందర్ రావు చెంబు కింద పెట్టాడు. ఉద్యోగం పోగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాడు ఇన్ని రోజులూ. ముప్పై ఏళ్ల నేర్పును కూడా పోగొట్టానని అతనికి తట్టనేలేదు.

"తప్పు నీది గాదక్కా" అన్నాడు. మూడేళ్లలో ఆమెను అక్కా అని పిలవడం అదే మొదలు. "నాది. నువ్వు కొలిచింది కొలిచినట్టే ఉన్నది. ఒక్కటి తప్పు పోలే. నేనే నంబర్లు ఉల్టా వేసుకున్న."

ఆమె చేతిలో ఆకు అట్లాగే ఉండిపోయింది.

"నేను అడిగిన గద సారూ, ఏ కొసకెంచి అని?"

"అడిగినవ్."

"నువ్వు కానీయ్ అన్నవ్."

"అన్న."

"మరి ఆ దినం అందరి ముందట గీ మాట ఎందుకనలే?"

అప్పటికి తనకు తెలియదని చెప్పబోయాడు. తెలిశాక చేసిందేమిటో గుర్తొచ్చి ఆ మాట వదిలేశాడు. చివరికి, "నౌకరీ పోతదని భయమైంది" అన్నాడు.

"మరి నాది పోలేదా?"

ఆమె గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండునని సుందర్ రావుకు అనిపించింది. తిట్టినా, నాలుగు శాపనార్థాలు పెట్టినా తల వంచుకుని పడేవాడు. ఆమె ఆకు పక్కన పెట్టి లేచి, అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్న ముసలమ్మను చూపించింది.

"మా అత్త. సమ్మమ్మ. పది దినాలసంది చేజేతుల పని పోగొట్టుకున్నవని దినాం అంటాంది. ఆమెకు చెప్పు."

సుందర్ రావు అరుగు దగ్గరికి వెళ్లి, వంగి, మెల్లగా చెప్పాడు. సమ్మమ్మ "ఆఁ?" అంది.

"జోరుగ చెప్పాలె సారూ. ఆమెకు ఇనరాదు."

కొంచెం గొంతు పెంచాడు. సమ్మమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఎవలు తప్పు జేసిండ్రు? మా కట్టమ్మనా?" అంది.

"కాదు, నేను!"

"ఎవలూ?"

"నేనూ!" అని అరిచాడు. "తప్పు జేసింది నేనూ! కట్టమ్మ మంచిగనే కొలిచింది! నేను అబద్ధమాడినా!"

ఎదురింట్లోంచి ఒకరు, గోడ పక్కనుంచి ఇద్దరు వచ్చారు. బిందె నడుముకు పెట్టుకుని పోతున్న పూలమ్మ ఆగింది. కొత్తగా వచ్చినవాళ్లు ఏమైందని అడిగారు. కట్టమ్మ ఒక్క మాట చెప్పలేదు. చెప్పాల్సింది ఎవరో వాళ్లకు చూపించింది. సుందర్ రావు మళ్లీ మొదటి నుంచి చెప్పాడు. ట్రాన్సిస్టర్ సంగతి దాటేయబోతే, "నీడల గూసొని ఏం జేస్తాండో అది గూడ చెప్పు సారూ" అని పూలమ్మ బిందె దించింది. అదీ చెప్పాడు. ఎవరో ఫక్కున నవ్వారు. సమ్మమ్మకు నడుమ నడుమ వినపడక మళ్లీ అడిగేది, అతను మళ్లీ అరిచేవాడు. చదువుకున్నవాడు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నవాడు, నడివాకిట్లో నిలబడి తన తప్పు తానే దండోరా వేసుకున్నట్టయింది.  సైకిలెక్కి పారిపోవాలనిపించింది. అయినా అక్కడే నిలబడ్డాడు.

అంతా విన్నాక సమ్మమ్మ కోడలి వైపు ఒకసారి చూసింది. తర్వాత ఇతని వైపు తిరిగింది.

"గా పెద్దసారుకు ఎరికేనా గీ ముచ్చట?"

 రేపు సోమవారం. సారు ఉత్తరం రాసే రోజు.

"తెల్వదు" అన్నాడు సుందర్ రావు. ఆ ఒక్కమాట సమ్మమ్మకు వినపడలేదు గానీ కట్టమ్మకు వినపడింది.

"ఆ సారుకు చెవులు మంచిగనే ఉన్నయి గద" అంది.

ఆ రాత్రి అతనేం తిన్నాడో, ఎట్లా పడుకున్నాడో చెప్పుకోవాల్సినంత లేదు. సోమవారం పొద్దున రాజేశ్వర్ రావు సారు గదిలోకి వెళ్లేసరికి ఆయన కళ్లజోడు పెట్టుకుని రాస్తున్నాడు.

"రా, రా. నీ గురించే రాస్తున్న. సగం అయింది."

"రాయకండి సార్" అన్నాడు సుందర్ రావు. చెప్పడం మొదలుపెట్టాడు. నిన్న అన్నిసార్లు చెప్పిన మాటలే కాబట్టి తడబాటు లేకుండా వచ్చాయి. కానీ గొంతు మాత్రం నిన్నటి స్థాయిలోనే ఆగిపోయింది, దిగనంటోంది.

"మెల్లగ, మెల్లగ. బయట మనుషులున్నరయ్యా" అని సారు కంగారుగా కిటికీ వైపు చూశాడు.

బయట నిజంగానే ఉన్నారు. గట్టయ్య గుమ్మంలో నిలబడిపోయాడు. పని కోసం వచ్చిన ఆడవాళ్లు వరండా మెట్ల దగ్గర ఆగారు.

"ఉండనీయండి సార్. ఆమెను అన్నది గూడ అందరి ముందటనే. ఆమె కొలిచింది తప్పు గాదు. నీడల గూసున్నది నేను. తర్వాత తెలిసి గూడ మళ్ల ఆమె మీదనే వేసిన."

సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.  ఆ ముఖంలో కోపం ఉందో, తనూ ఆ మనిషి మాట నమ్మకుండా వెళ్లగొట్టానన్న ఇబ్బంది ఉందో సుందర్ రావు తేల్చుకోలేకపోయాడు. సగం రాసిన ఉత్తరాన్ని మడిచి సొరుగులో వేసి, ఆయన కొత్త కాగితం తీశాడు.

"నీ నౌకరీ సంగతి నేను చెప్పలేను" అన్నాడు. "పెద్దాఫీసుకు ఉన్నదున్నట్టు రాయాలె. రెండు వరుసలు కొలిచింది ఎవరో పేరుతోటి రాద్దాం. చెప్పు."

"కట్టమ్మ సార్."

"పూర్తి పేరు చెప్పవయ్యా. ఇంటిపేరేంది?"

సుందర్ రావు నోరు తెరిచాడు. మూడేళ్లు, మూడు చలికాలాలు, వేల ఆకులు ఆమె చేతి నుంచి అతని పుస్తకంలోకి ఎక్కాయి. హాజరు పట్టీలో మాత్రం రోజూ 'కట్టమ్మ, మరి ఏడుగురు' అని రాసేవాడు. నిన్న ఆమె వాకిట్లో అంతసేపు నిలబడ్డాడు, అప్పుడూ అడగలేదు.

"తెల్వదు సార్" అన్నాడు. ఈసారి గొంతు ఎంత దిగిపోయిందంటే, సారు మళ్లీ అడగాల్సి వచ్చింది.